మారు వడ్డన

ఆకలిని చంపే ఆ హార్మోను సూదిని ఒకప్పుడు ప్రయోగశాలలో ఎలుకలకిచ్చేవారట. ఇప్పుడు ప్రతి సోమవారం ఊరందరికీ వేస్తున్నారు. పూటకో పొడి పొట్లం నీళ్లలో కలుపుకు తాగితే చాలు. పైడితల్లి పొయ్యి వెలిగించి పద్దెనిమిదేళ్లయింది. ఆకలితోపాటు నాలుక మీది రుచి కూడా ఎప్పుడో పోయింది.

మొగుడు అప్పలస్వామి జబ్బుతో చిక్కి శల్యమయ్యాడు. ఇక ఎన్నాళ్లో ఉండడని డాక్టరు అతనికి సూది మానిపించాడు. పదిహేనో రోజున అతనికి ఆకలేసింది. గోంగూర పచ్చడి అడిగాడు.

పొయ్యి వెలిగించి అన్నం వండి, అటక మీది రోలు దింపి పచ్చడి నూరింది పైడితల్లి. నాలిక్కి రాసుకుంటే ఏమీ తెలియలేదు. చేతి అంచనాతోనే ఉప్పు వేసింది.

"ఉప్పు సరిపోనాదా, మావా?"

"సరిపోనాది. నీ చేతి రుచి ఎక్కడికీ పోనేదే. మారు వడ్డించు."

కంచం తుడిచినట్టు తిని, చెంబుడు మంచినీళ్లు తాగాడు. అతను తిన్న ఆఖరి అన్నం అదే.

అతను పోయాక పైడితల్లి సూది వేయించుకోలేదు. మూడో వారంలో కడుపులో ఏదో మెలిపెట్టింది. అది ఆకలని గుర్తుపట్టడానికి చాలాసేపు పట్టింది. గుప్పెడు బియ్యం వండుకుని, జాడీలో మిగిలిన పచ్చడి కలిపి ముద్ద నోట్లో పెట్టుకుంది.

ఉప్పు కషాయం. నోరు పొక్కిపోయేంత ఉప్పు.

ఉమ్మబోయి ఆగిపోయింది. అతను కూర్చున్న పీటకేసి చూస్తూ, ఏడుస్తూ, మెతుకు మిగలకుండా తింది. తిని, మారు వడ్డించుకుంది.