ఎడమ మడ్‌గార్డు

"ఆ ఎడమ మడ్‌గార్డు ఒక్కటి నాకిస్తావా బాబూ? సొట్ట తియ్యకుండా, అలాగే."

టింకరింగ్ మేస్త్రి చేతిలోని సుత్తి ఆగిపోయింది.

అడిగినవాడు ఆదివారం పెద్దాయన. అసలు పేరేమిటో మేస్త్రికి తెలియదు. ప్రతి ఆదివారం కుడికాలు ఈడ్చుకుంటూ షెడ్డుకు వచ్చేవాడు కాబట్టి మేస్త్రి మనసులో పెట్టుకున్న పేరది. గౌరవంతో కాదు, ఒళ్ళుమంటతో.

నాన్న పోయి నెల దాటింది. ఆయన వదిలివెళ్ళిన తలనొప్పి ఒక్కటే, రెండు సీట్ల పాత ఎర్ర స్పోర్ట్స్ కారు. మేస్త్రికి ఊహ తెలిసినప్పటి నుంచి అది షెడ్డులోనే ఉంది. పేరున్న ఇంజను మెకానిక్ అయిన నాన్న దానితో ఇరవై ఆరేళ్ళు కుస్తీ పట్టాడు. అది కదిలేది కాదు, ఆయన వదిలేవాడు కాదు.

ఇప్పుడు దాన్నేం చేయాలి? నడిపిద్దామంటే సగం సామాన్లు ఎక్కడా దొరకవు. ఉంచుకుందామంటే కనపడినప్పుడల్లా కడుపు మండుతుంది. పాత ఇనుము వ్యాపారి రేపు లారీ తెస్తానన్నాడు.

మండదా మరి? ఊళ్ళో ఏ కారుకు సొట్టపడినా మేస్త్రి దగ్గరికే వస్తుంది. అతను సుత్తి పెట్టాక, సొట్ట ఎక్కడుండేదో కారు సొంతదారు కూడా చూపించలేడు. అంతటి పనివాణ్ణి కొడుకుగా పెట్టుకుని, నాన్న ఆ మడ్‌గార్డును మాత్రం ముట్టుకోనివ్వలేదు.

"దాని మీద నీ సుత్తి పడితే ఊరుకోను" అనేవాడు.

కొడుక్కి అంత కట్టడి. స్పానరు ఎటు పట్టుకోవాలో తెలియని పెద్దాయనకు మాత్రం షెడ్డులో ఉన్న ఒకే ఒక్క కుర్చీ. నాన్న టీలో సగం. ఇద్దరూ ఆ సొట్ట ముందు కూర్చుని గంటలు గంటలు మాట్లాడుకునేవారు. మేస్త్రి గుమ్మంలోకి వస్తే మాటలు టక్కున ఆగిపోయేవి.

అప్పుడు పెద్దాయన అతన్ని కిందినుంచి పైదాకా చూసి, "ఎంత ఎత్తు ఎదిగావు బాబూ!" అని మురిసిపోయేవాడు. మీసాలొచ్చినప్పుడూ అదే మాట, ముప్ఫై ఏళ్ళు దగ్గరపడినా అదే మాట.

నా ఎత్తుతో ఈయనకేం పనని మేస్త్రి పళ్ళు నూరుకునేవాడు. ఈయనెవరు నాన్నా అని ఒక్కసారి అడిగి ఉండవచ్చు. అడిగితే లోకువైపోతానని బిగుసుకుపోయాడు.

"సొట్టతో ఏం చేసుకుంటారు?" అన్నాడు ఇప్పుడు.

"గదిలో గోడకు ఆనించుకుంటాను. చూస్తే నాకు బాగుంటుంది."

"మా నాన్న ఇస్తానన్నాడా?"

"నిన్నే అడగమన్నాడు."

పోతూ పోతూ కూడా నాన్న ఈయన వైపే నిలబడ్డాడన్నమాట. మేస్త్రికి అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా నవ్వాడు.

"వచ్చే ఆదివారం రండి. తీసి ఉంచుతాను."

"అలాగే బాబూ. అన్నం తిన్నావా?"

మేస్త్రి మళ్ళీ సుత్తి అందుకున్నాడు.

మరునాడు కారును లారీ ఎత్తుకుపోయింది. మడ్‌గార్డు మాత్రం బల్ల మీదికి చేరింది. లోపల ఇనపదిమ్మ ఆనించి, పైనుంచి చెక్కసుత్తితో చిన్న చిన్న దెబ్బలు వేశాడు. కళ్ళు మూసుకుని అరచేత్తో తడిమాడు. మళ్ళీ కొట్టాడు. వారం పాటు మరో పని ముట్టుకోలేదు. రంగు వేసి, అద్దంలా మెరిపించాడు. జీవితంలో అంత మంచి పని ఎప్పుడూ చేయలేదు, అంత కుళ్ళుతోనూ చేయలేదు.

ఆదివారం పెద్దాయన వచ్చాడు. మడ్‌గార్డును చూశాడు. కళ్ళు మూసుకుని, అరచేత్తో ఆ చివరినుంచి ఈ చివరిదాకా మెల్లగా తడిమాడు.

"ఏమీ మిగలలేదు" అన్నాడు.

"నా పని అంతే."

"అవును. మా వాడి చెయ్యి పడితే సొట్ట ఆనవాలు కూడా ఉండదని మీ నాన్న ప్రతి వారం చెప్పేవాడు. నిజమే."

నాన్న తన ముందు ఒక్కనాడూ అనని మాట. అది కూడా ఈయనకే దక్కింది.

"తీసుకెళ్ళండి" అన్నాడు మేస్త్రి, మొహం తిప్పుకుని.

"వద్దులే బాబూ. నీ దగ్గరే ఉండనీ."

కాలు ఈడ్చుకుంటూ వెళ్ళిపోయాడు. మూడు ఆదివారాలు గడిచినా మళ్ళీ రాలేదు.

నాలుగో ఆదివారం అక్క వచ్చింది. షెడ్డులో ఖాళీ జాగా చూసి నిలబడిపోయింది.

"చిన్నోడా, కారేదిరా?"

"పాత ఇనుముకు ఇచ్చేశాను. అదిగో, ఆ మడ్‌గార్డు చూడు. సొట్ట ఎక్కడుందో చెప్పగలవా?"

అక్క బల్ల పట్టుకుని కూర్చుండిపోయింది.

"ఆ పెద్దాయన చూశాడా?"

"చూశాడు. నీకాయన తెలుసా?"

"ఆ కారు ఆయనదేరా. ఇల్లెక్కడ?"

"నాకేం తెలుసు? నీకు తెలియదా?"

"నాన్నకే తెలుసు."

"అసలెవరక్కా ఆయన?"

"ఈ మాట నువ్వెప్పుడు అడుగుతావా అని నాన్న ఎదురుచూశాడు. నువ్వు అడిగేదాకా చెప్పొద్దని ఆ పెద్దాయనే ఒట్టు పెట్టించుకున్నాడు. తన కాలు చూసినప్పుడల్లా పసివాడు బాధపడతాడన్నాడు."

"నేనెందుకు బాధపడాలి?"

అక్క నున్నటి ఎర్రరేకు మీద చెయ్యి వేసింది.

"నీకప్పుడు మూడేళ్ళు. బంతి వెనకాల రోడ్డు మీదికి ఉరికావు. ఆయన కారు గోడకేసి తిప్పేశాడు" అంది. "దీని మీద ఉన్నది నీకు తగలాల్సిన దెబ్బరా."