నిన్నటి మాట

నాచారం ఆఫీసులో దోర్కా తయారుచేసిన సర్వీసును ఆ రోజు అందరూ మెచ్చుకున్నారు. ఓడల్లో పనిచేసేవాళ్లు శాటిలైట్ ఫోన్‌లో రోజూ ఇంటికి అదే మాట రాస్తారని కనిపెట్టింది ఆమే. ఇప్పుడు ఎవరైనా కొత్తగా ఏమీ రాయకపోతే, అవతలి ఫోన్ నిన్నటి మాటనే ఇవాళే వచ్చినట్టు మళ్లీ చూపిస్తుంది. డేటా ఖర్చే ఉండదు.

"అందరికంటె తక్వ డేటా వాడేది మీ ఆయన టిమోతే చెల్లె," అని నవ్వాడు పక్క సీటు అన్న. "ఈ నెలంత ఆయన ఓడ నుంచి ఒక్క అక్షరం రాలే."

దోర్కా మొహం వాడిపోయింది. రోజూ సాయంత్రం ఉప్పల్ బస్సులో ఆమె మురిపెంగా చదువుకున్న మాట, "తిన్న. మంచిగున్న. నువ్వు తిన్నవా?"

మొగుడు ఆ మాట అడిగి నెలయిందన్నమాట.

"పెండ్లాన్ని పలకరించుడు గూడ బరువైందా ఈయనకు!" అంటూ కోపంగా స్క్రీన్ తనవైపు తిప్పుకుంది.

టిమోతి పేరు పక్కన ఈ నెల రాసిన మాటలు సున్నా అని ఉంది. ఆ కిందే తన పేరుంది. దాని పక్కనా సున్నాయే.

అక్కడ ఓడలో టిమోతికీ రోజూ సాయంత్రం జవాబు అందుతూనే ఉంది. "తిన్న. ఫికర్ జెయ్యకు."

ఇక్కడ బల్ల మీద దోర్కా టిఫిన్ డబ్బా మూత తీయకుండానే ఉంది.