కోటు కొలత

“ఆవేశంలో చంపితే ఒక శిక్ష, ఆలోచించి చంపితే ఇంకో శిక్ష. నీ కొట్లోని కొలతల పుస్తకం ఎప్పుడు చూశావు?” జైలు గదిలో బల్లకు అటువైపు నుంచి లాయరమ్మ అడిగింది.

“సోమవారమండీ. మా కటింగు మాస్టర్ని కత్తెరతో పొడిచింది శుక్రవారం,” అన్నాడు టైలరు. “ఆ పుస్తకంలో నా పెళ్ళాం కొలతలు వాడి చేతిరాతలో ఉన్నాయి. వాడు టేపు పట్టుకుని దాని ఒంటిమీద చేతులేశాడని తెలిశాక నాకు ముద్ద దిగితే ఒట్టు.”

“చూసిన వెంటనే ఒళ్ళు మరిచి పొడిచానంటే కేసు తేలికయ్యేది. నాలుగు రోజులు ఆగావు కాబట్టి కావాలని చేసిన హత్యే అంటారు.”

“అననివ్వండి! నాలుగు రోజులూ వాడి వేళ్ళనే చూస్తూ కూర్చున్నాను.” ఆ వేళ్ళు తలుచుకుంటే అతనికి ఇప్పటికీ ఒళ్ళు మండిపోతోంది.

“నీకు తీరిక లేదని, కొత్త కోటు కుట్టడానికి కొలతగా పాత కోటు అతనికి పంపానంటోంది మీ ఆవిడ.”

“అబద్ధం!”

లాయరమ్మ ఫైల్లోంచి ఆ పేజీ నకలు తీసి చదివింది. “ఛాతీ నలభై, నడుము...”

“ఛాతీ ఎంతన్నారు?”

“నలభై.”

టైలరు ఆ కాగితాన్ని తన వైపు తిప్పుకున్నాడు. పదేళ్ళుగా పెళ్ళాం బట్టలు కుట్టింది తనే. ఆమె ఒంటి కొలత ముప్పై ఆరు. ఆ పాత కోటుకు నాలుగంగుళాలు వదులు పెట్టిందీ తనే. నలభై వచ్చిందంటే మాస్టరు కొలిచింది మనిషిని కాదు, కోటునే.

“చేతిరాత చూశానమ్మా. అంకెలు చదవలేదు.”

“కోపంలో కనపడలేదని రాయనా?”

“వద్దమ్మా,” అన్నాడు టైలరు. “ఆ పుస్తకం నాలుగు రోజులూ నా ఒళ్ళోనే ఉంది.”