యాడ మిలిటరీ?

"ఆ సెలైన్ గొట్టం ముట్టుకోవద్దమ్మా" అని యమున గట్టిగానే చెప్పింది.

నాలుగో మంచం మీదున్న తిప్పమ్మకు తోడుగా వచ్చిన చెల్లెలు దాసమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. బాటిల్ అయిపోవచ్చిందని చూశానంతే అంది.

హిందూపురంలోని ఆ చిన్న నర్సింగ్ హోంలో యమున పన్నెండేళ్ళుగా నర్సు. రోగులతో ఎట్లాగో వేగుతుంది. తోడొచ్చినవాళ్ళతోనే ఆమెకు ప్రాణం విసుగు.

అందులోనూ ఈ దాసమ్మ మరీను. అరవై ఏళ్ళుంటాయి. అక్క కోసం ఎర్రమంచి నుంచి వచ్చిందా, వచ్చినట్టు ఉండదు. దుప్పటి సరిచేస్తుంది, జ్వరమెంతని అడుగుతుంది, చార్టులోకి తొంగి చూస్తుంది.

ఇన్ని తెలిసినదానివి ఏం పని చేస్తాంటివని యమున ఒకసారి అడగనే అడిగింది.

"ముప్పై ఏండ్లు మిలిటరీలో చేసినానమ్మా."

హిందూపురంవాళ్ళకు మిలిటరీ అంటే ముందు గుర్తొచ్చేది మటన్ హోటలే. బోర్డు మీదే 'మిలిటరీ హోటల్' అని రాసుంటుంది మరి.

"యాడ మిలిటరీ? బస్టాండు కాడ ఉండేదా?"

దాసమ్మ నోరు తెరిచేలోపే ఆయా అందుకుని, అయితే తలకాయ కూర బాగా చేస్తావన్నమాట అంది. వార్డంతా నవ్వింది. దాసమ్మ కూడా నవ్వేసి ఊరుకుంది.

యమునకు ఉన్నది ఒక్కటే కోరిక. సైన్యంలో నర్సుగా చేరాలి. పోయినేడాది ఇంటర్వ్యూలో అంతమంది ఆఫీసర్లను చూసి నాలుక పిడచగట్టి, వచ్చినవి కూడా చెప్పలేకపోయింది. ఈసారి తప్పితే వయసు దాటిపోతుంది. అక్కడ ఏమడుగుతారో, ఎట్లా మాట్లాడాలో తెలిసినవాళ్ళు ఒక్కరు దొరికితే చాలని ఎంత ఆరాటపడిందో ఆమెకే తెలుసు.

ఈసారి వచ్చిన ఇంటర్వ్యూ కాగితాన్ని డ్యూటీ మధ్యలో తీసి చూసుకునేది. అదేం కాగితమని దాసమ్మ అడిగితే మడిచి కోటు జేబులో పెట్టుకుంది.

"నీకు తెలిసేది కాదులేమ్మా."

ఆదివారం సెలవు పెట్టి ధర్మవరం పోయింది. అక్కడ ఓబుళప్ప అని మిలిటరీలో చేసి వచ్చినాయన ఉన్నాడని ఎవరో చెప్పారు. ఆయన మర్యాదగా కూర్చోబెట్టి కాఫీ ఇప్పించాడు. కానీ ఆయన అక్కడ లారీ తోలాడు.

"నర్సమ్మల సంగతి నాకెట్ల తెలుస్తాదమ్మా? వాళ్ళు ఆఫీసర్లు. ఎదురొస్తే మేం సెల్యూట్ కొట్టాల."

తిరిగొచ్చే రైల్లో యమునకు ఏడుపు ఆగలేదు. పెనుకొండ దాటేదాకా కిటికీ వైపే తిరిగి కూర్చుంది.

మర్నాడు డ్యూటీకి వచ్చేసరికి తిప్పమ్మ ఒక్కతే ఇడ్లీ తింటోంది. చెల్లెలు యాడికి పోయిందని అడిగింది యమున.

పని చేసిన చోటి నుంచి వెంటనే రమ్మని పిలుపొచ్చిందట. ఇంటికి కూడా పోకుండా రాత్రి ఇక్కడి నుంచే రైలెక్కిందట. అక్కడ కొన్నాళ్ళు ఫోన్లో కూడా దొరకదట. అరవై ఏళ్ళ మనిషిని అంత కష్టపెట్టే హోటలువాళ్ళ మీద యమునకు కోపమొచ్చింది.

"నువ్వు ధర్మవరం దేనికి పోయినావో ఆయా చెప్పింది. అది విని మా చెల్లెలు మధ్యాన్నం నుంచి నీ కోసరమే చూసె" అంది తిప్పమ్మ. "రైలుకు పొద్దయితాందని పోయింది. ఆ పిల్ల చెయ్యి మంచిది, ఇంటర్వ్యూలో అడిగేవాళ్ళకు బయపడొద్దని చెప్పమనె."

యమునకు జాలేసింది.

"ఆడ అడిగేవాళ్ళ సంగతి ఆయమ్మకేం తెలుసవ్వా?"

తిప్పమ్మ ఇడ్లీ పక్కన పెట్టి ఆమె వైపు వింతగా చూసింది.

"తెలీకేమమ్మా? రిటైరైన నర్సులను గూడా మిలిటరీ ఆస్పత్రికి మళ్ళీ పిలిచినారని పోయింది గానీ, మొన్నమొన్నటిదాకా ఆ ఇంటర్వ్యూల్లో కూర్చోని నీ మాదిరి పిల్లోళ్ళను అడిగింది మా దాసమ్మే."