మూడో తాళం

“మూడో తాళం కూడా ఇవ్వండమ్మా,” అన్నాడు తాళాల మెకానిక్, కారులోంచి తల బయటికి పెట్టి.

“మూడోదేమిటి? ఉన్నవే రెండు. రెండూ మీ దగ్గరే ఉన్నాయి,” అంది ఆమె.

“మిషన్ మూడంటోంది మరి.”

స్టీరింగ్ కింద వైరు గుచ్చిన చిన్న మిషన్‌ని అతను ఆమెవైపు తిప్పాడు. తెర మీద మూడు అంకె కనిపిస్తోంది. ఈ కారు మూడు తాళాలకి స్టార్టవుతుందని దానర్థమట. కొత్తగా చేస్తున్న మడత రిమోట్ కీని కారుకి అలవాటు చేసేటప్పుడు పాత తాళాలన్నీ దగ్గరుండాలట. లేనిదాన్ని కారు ఇక గుర్తుపట్టదట.

“సారు ఎవరికైనా ఇచ్చారేమో, ఒక మాట అడిగి చూడండి.”

“ఆయన పోయి పదకొండు నెలలైంది.”

మెకానిక్ చూపు దించుకున్నాడు. “తెలీక అన్నానమ్మా.”

ఆమె సీటు మీదున్న పాత తాళాన్ని చేతిలోకి తీసుకుంది. ప్లాస్టిక్ తల పగిలితే ఆయన దానికి సైకిల్ ట్యూబు ముక్క చుట్టి బిగించాడు. పళ్ళు అరిగిపోయి, ఈమధ్య తలుపు ఓ పట్టాన తెరుచుకోవడం లేదు. మొన్న ఆసుపత్రి ల్యాబులో డ్యూటీ దిగి వచ్చాక వానలో పది నిమిషాలు నిలబడి తిప్పింది. ఆయన చేతికైతే అది ఏనాడూ మొరాయించలేదు. పెట్టి, కాస్త పైకెత్తి, ఎడమకి తిప్పేవాడు. గేటు దగ్గర తాళాల గలగల వినగానే ఆమె టీ నీళ్ళు పొయ్యి మీద పెట్టేది.

ఆయన నోట్లో నువ్వుగింజ నానేది కాదు. ఆమె పుట్టినరోజుకని ఏం కొన్నా, ముందురోజు సాయంత్రానికే చెప్పేసి నాలిక కరుచుకునేవాడు. అలాంటి మనిషి తాళం చేయించి ఎవరికిచ్చినట్టు?

ఆమె డ్యాష్‌బోర్డు అర లాగింది. సీట్ల కింద చెయ్యి పెట్టి వెతికింది. డిక్కీ అంతా తిరగేసింది. పిప్పరమెంటు కాగితాలు దొరికాయి. ఎప్పుడో పోయిందనుకున్న ఆమె గొడుగు దొరికింది. ఆయన కళ్ళజోడు తుడుచుకునే గుడ్డ, నాలుగు మడతలూ చెదరకుండా అలాగే ఉంది. తాళం మాత్రం లేదు. ఆ గుడ్డని తీసి పిడికిట్లో పట్టుకుంది.

తర్వాత, ఆయనతో పదిహేనేళ్ళు పక్క బల్ల మీద పనిచేసిన స్నేహితుడికి ఫోన్ చేసింది.

“తాళం సంగతి నాకు తెలీదు చెల్లెమ్మా,” అని ఆయన నసిగాడు. “కాకపోతే రెండు మూడుసార్లు పాత మిల్లు మైదానంలో కారు కనిపించింది. ఆదివారం పొద్దున్నే. లోపల... వదిలెయ్, ఇప్పుడెందుకవన్నీ.”

“చెప్పండి అన్నయ్యా.”

“పక్కన ఎవరో ఆడమనిషి ఉన్నట్టనిపించింది. దూరం నుంచి చూశాను, సరిగా తెలీదు. మర్నాడు అడిగితే నవ్వి ఊరుకున్నాడు.”

“ఆడమనిషా? మిల్లు మైదానంలోనా?”

ఆ మాట ఆమె కాస్త గట్టిగానే అంది. ఆదివారాలు ఆమెకి పొద్దుటి డ్యూటీ. తెల్లారకముందే ఇంట్లోంచి వెళ్ళిపోయేది. ఆయనే గుమ్మం దాకా వచ్చి, మధ్యాహ్నం వంట నేను చూసుకుంటాలే అని పంపేవాడు. ఎంత మంచివాడో అనుకుంటూ బస్సెక్కేది.

ఫోన్ పెట్టేసి కారు దగ్గరికి వచ్చింది.

“ఆ మూడోదాన్ని తీసేయండి.”

“ఆలోచించుకోండమ్మా. ఒకసారి తీసేస్తే అది ఉత్త ఇనపముక్క.”

“అయితే అవనీండి. ఎవరి దగ్గరుందో వాళ్ళనే దాచుకోమనండి.” మొహం అటు తిప్పుకుంది.

మెకానిక్ మిషన్ మీద వేలు పెట్టాడు.

“ఆగు నాయనా.”

వరండాలో కుర్చీలో కూర్చున్న అత్తగారు లేచింది. గోడ పట్టుకుని, ఒక్కో మెట్టే దిగి వచ్చింది. డెబ్భై రెండేళ్ళ మనిషి. చేతిలో కళ్ళజోడు పెట్టె ఉంది. మూత తీసి కోడలి ముందు పెట్టింది. కళ్ళజోడు లేదందులో. పళ్ళు అరగని, మెరుస్తున్న తాళం ఉంది.

కోడలు దానివంక చూసింది, అత్తగారి వంక చూసింది.

“ఇది మీ దగ్గరెందుకుంది అత్తయ్యా? ఆయన దాచమన్నారా?”

“దాచమన్నది నేనే. నీకు చెప్పొద్దని వాడిచేత ఒట్టు కూడా వేయించుకున్నాను.”

“అంటే ఆవిడెవరో మీకు తెలుసన్నమాట. ఒకే ఇంట్లో ఉంటూ, పదకొండు నెలలుగా నాతో ఒక్క మాట...” ఆమె ఆపేసింది. “ఎవరు అత్తయ్యా ఆవిడ?”

అత్తగారు మెకానిక్‌ని పక్కకి జరగమని, స్టీరింగ్ మీద చెయ్యి వేసి మెల్లగా నిమిరింది.

“ముందుకైతే మైదానం చుట్టూ నేనే తిప్పేదాన్ని అమ్మాయ్. రివర్సు ఒక్కటే, వాడు నేర్పకుండా పోయాడు.”