దాలమ్మ పంచిన మిఠాయి

కళ్లు తుడుచుకుంటూ స్నానాలగదిలోంచి బయటికొచ్చిన కోడల్ని దాలమ్మ గట్టిగా వాటేసుకుంది. ఇంక అడిగేదేముంది? నీరజకు నెల తప్పింది. రాత్రే కొడుకు మందుల షాపులో పరీక్ష కిట్టు కొని తెచ్చాడు. పొద్దున్నే చూస్తే పిల్ల కళ్లలో నీళ్లు.

"ఏడకే అమ్మా. ఇన్నాళ్లకి దేవుడు మనేపు సూసినాడు."

ఖిదిర్‌పూర్ ఓడరేవు క్వార్టర్లలో దాలమ్మ నోట్లో నువ్వుగింజ నానదని అందరికీ తెలుసు. డ్యూటీలో ఉన్న కొడుకు తిరుపతిరావుకు ఫోన్ చేసింది. సందేశ్ మిఠాయి కొనుక్కొచ్చి, తను వదినా అన్నట్టు బౌది అని పిలిచే పక్కింటి బెంగాలీ ఆవిడతో మొదలుపెట్టి వరసంతా పంచసాగింది. బౌది తిరిగి రేగుపళ్ల పచ్చడి పంపింది. అత్త అంతలా నవ్వగా చూసి ఏళ్లయింది. చూస్తుంటే నీరజకు మళ్లీ కన్నీళ్లొచ్చాయి.

ఆ ఇంటికి ఈ సంతోషం ఊరికే రాలేదు. పెళ్లయిన కొన్నాళ్లకే నీరజకు నెలసరి ఆగిపోయింది. మెదడు అడుగున పిట్యూటరీ గ్రంథిని ఒక నీటితిత్తి నొక్కుతోందని, అది ఉన్నంతకాలం పిల్లలు కష్టమని డాక్టర్లు తేల్చారు. క్యాన్సర్ కాదు, కానీ తీయాలన్నారు. నరాల ఆసుపత్రిలో ముక్కులోంచి తీశారు. ఆ తర్వాతే నెలసరి దారిన పడింది. ఆ తిత్తి కొందరికి మళ్లీ నిండుతుందని డాక్టరు చెప్పిన మాట దాలమ్మ ఇంకా మర్చిపోలేదు.

"తల నొప్పెట్టడం నేదు కదా?" అనడిగింది.

"లేదత్తా."

"కళ్లు మసకలేటైనా?"

"లేవు."

"అయితే అది రానట్టే. మరింక బెంగేటి?"

నీరజ చీర మార్చుకుని, ఆసుపత్రికి తనొక్కతే వెళ్లొస్తానంది. దాలమ్మకు తోడెళ్లాలనే ఉంది గాని, ఇంకా కొన్ని ఇళ్లకు మిఠాయి అందలేదు. కోడలు పాత స్కాన్ ఫిల్ములు సంచిలో పెడుతుంటే ఇయ్యెందుకంది. డాక్టరు అడగొచ్చని నీరజ చెప్పింది. కానుపుల డాక్టరమ్మలు ఎంత జాగ్రత్తమనుషులోనని దాలమ్మ మురిసిపోయింది. బస్సులో వెనక సీట్లో కూర్చోవద్దని, కుదుపులు తగలకూడదని గుమ్మం దాకా వచ్చి మరీ చెప్పింది.

నీరజకు ముందు సీటే దొరికింది. ఒళ్లోని సంచిలో, స్కాన్ ఫిల్ముల మధ్య, ఒకే గీత పడిన పరీక్ష కిట్టు ఉంది. కండక్టర్ వచ్చి ఎక్కడికని అడిగాడు.

నరాల ఆసుపత్రికి టికెట్ తీసుకుంది.