సంతృప్తి చెందిన ఫిర్యాదుదారు

ఝపటాపూర్‌లో ఆ సందు చివరి దీపం వెలగడం మానేసి రెండు నెలలైంది. దాని కిందే కల్వర్టు, పక్కనే మురుగుకాలువ. సుహాస్ ఫ్యాక్టరీ నుంచి సైకిల్ మీద వస్తూ రెండుసార్లు అందులో పడ్డాడు. రెండోసారి మోకాలికి కుట్లు పడ్డాయి.

కొత్త పెళ్లాం శ్రావణి ఊరుకోలేదు. కట్టు మీద ఒక ముద్దు పెట్టి, ఫోన్ తీసింది.

"ఆన్‌లైన్లో ఫిర్యాదు పెడితే వారంలో వెలుగుతుంది అత్తా."

"పెట్టు, పెట్టు," అంది సింహాచలమ్మ. "ఫోనులోంచే నిచ్చెనేసుకుని దిగుతాడు కాబోలు. నాకైతే సీకటే బాగుంది. గుడికెళ్లే దారి నా కాళ్లకి తెలుసు."

ఇల్లు మామగారు దేముడి పేరున ఉంది. అందుకని శ్రావణి ఆయన నంబరే ఇచ్చింది. ఆయన రైల్వే వర్క్‌షాపులో పని చేసి రిటైరయ్యాడు. ఉన్న ఒక్క గదినీ కొత్త జంటకి వదిలేసి ఆయన వరండాలోకి, ఆవిడ వంటింట్లోకి మారారు.

శ్రావణి కాపురానికి వచ్చిన దగ్గర్నుంచి వాళ్లిద్దరూ నేరుగా మాట్లాడుకోగా చూడలేదు. మధ్యలో తనే టెలిఫోన్ ఎక్స్ఛేంజి.

"ఆ మనిసితో సెప్పమ్మా, టీ సల్లారిపోతందని."

"నాకు సెవులున్నాయని సెప్పమ్మా."

సాయంత్రమైతే ఆవిడ హారతికని ఎడమవైపు వెళ్తుంది. డాక్టరు నడవమన్నాడని ఆయన కుడివైపు వెళ్తాడు. తిరిగొచ్చాక ఇద్దరికీ ఆకలుండదు. తన వంట మరీ అంత ఘోరంగా ఉందా అని శ్రావణికి బెంగ.

వారం తిరిగేసరికి సైటులో జవాబు కనిపించింది. 'ఫిర్యాదుదారు సంతృప్తి చెందారు. ఫిర్యాదు మూసివేయడమైనది.'

దీపం మాత్రం వెలగలేదు. మళ్లీ పెట్టింది. మళ్లీ సంతృప్తి చెందారు.

"మావయ్యా, బాగైందా అని అడిగి మీ ఫోనుకి ఓటీపీ పంపుతారు. అది చెబితే ఫిర్యాదు మూసేస్తారు. మీరెవరికైనా చెప్పారా?"

"నాకేటి తెలుసమ్మా. ఏయో అంకెలు వస్తంటాయి, పోతంటాయి."

"ఏటే కోడలా, నీ దీపం ఎలిగిందా?" వంటింట్లోంచి అత్తగారు. "ఆ ఎలుతురుకి కళ్లు సెదిరిపోతన్నాయి."

సుహాస్ మూడోసారి పడబోయి గోడ పట్టుకున్నాడు. ఆ రోజే శ్రావణి తన సొంత నంబరుతో ఇంకో ఫిర్యాదు పెట్టింది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

ఒక మధ్యాహ్నం అత్తగారు కునుకు తీస్తున్నారు. మామగారు పెన్షన్ పని మీద బ్యాంకుకి వెళ్లారు. బెంగాలీ లైన్‌మ్యాన్ దాదా వచ్చి బల్బు మార్చాడు. "స్విచ్ సాయంత్రం వేస్తారు. ఠీక్ హై, దీదీ?"

ఠీక్ హై ఏమిటి, శ్రావణికి గంతులేయాలనిపించింది. ముందుగా అత్తకే చూపించి, ఇన్నాళ్ల ఎకసెక్కాలకి బదులు తీర్చుకోవాలి. కానీ గదిలో సెలవు మీదున్న మొగుడికి ఈ కబురు కాస్త తీరిగ్గా చెప్పి వచ్చేసరికి ఆవిడ గుడికి వెళ్లిపోయింది. ఆయనా నడకకి బయల్దేరాడు.

చలికాలం, చీకటి తొందరగా పడింది. స్విచ్ వేసేవాడికి మాత్రం ఏ తొందరా లేదు. శ్రావణి సుహాస్‌ని గేటు దగ్గరికి లాక్కొచ్చి, సందు చివరికి వేలు చూపించింది.

దీపం రెండుసార్లు మిణుకుమని, పట్టపగల్లా వెలిగింది.

కల్వర్టు మీద, దేముడి భుజానికి తల ఆనించి, ఆయన పట్టుకున్న ఝాల్‌మూరీ మరమరాల పొట్లంలో చెయ్యి పెట్టి, గుడికెళ్లిన సింహాచలమ్మ కూర్చుని ఉంది.